వెనక్కి పిలిచిన కోన

వెనకనుంచి ఎవరైనా పిలిస్తే నేను వెంటనే తిరగను. మా ఇంట్లోవాళ్ళు నాకు చెవుడు వచ్చిందనుకుంటున్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను. చెవుడున్న మనిషికి ఇంట్లో దొరికే సౌకర్యాలు తక్కువేమీ కాదు, దొరికిన సౌకర్యాన్ని వదులుకునే వంశంలో నేను పుట్టలేదు. కానీ కారణం చెవిలో లేదు. ఉదయగిరి కొండల్లో ఉంది.

పర్యావరణ సంఘాల్లో పనిచేసే పిల్లలు ఈమధ్య నన్ను తమ తరగతులకు పిలిచి, "మీ రోజుల్లో ప్రభుత్వ నిర్ణయాల్లో సంఘాలకు చోటు ఎలా దొరికేదండీ?" అని అడుగుతున్నారు. వాళ్ళకు ఇప్పుడు షామియానా ఉంది, మైకు ఉంది, మాట్లాడిన ప్రతి మాటా వీడియోలోకి ఎక్కుతుంది. మాకు ఒక కుర్చీ ఉండేది. దానికి ఒక చెయ్యి విరిగి ఉండేది. ఆ కుర్చీ సంపాదించడానికి నేను పడ్డ తిప్పలు, అందులో కూర్చుని నేను వెలగబెట్టిన తెలివి, మర్నాడు పిలుపుకోనలో జరిగినది, ఇంతవరకు చెబుతాను. కోనలో జరిగినదానికి అర్థం మాత్రం అడగొద్దు. అర్థం నా దగ్గర ఉంటే ఈపాటికి మంచి రేటుకు అమ్మేసి ఉండేవాణ్ణి.

నేను పెరిగింది ఆత్మకూరు బజారులో, మా నాయన చిల్లర అంగట్లో. చదువు కోసం నన్ను బళ్ళో వేశాడు కానీ బేరం మాత్రం ఇంకొకరికి అప్పగించలేదు, తనే నేర్పాడు. కావలసిన సరుకు వైపు చూడకూడదు, పక్క సరుకు ధర అడగాలి. అవసరం మొహంలో కనపడిందా, రేటు పెరిగిందన్నమాటే. అడిగేది ఎప్పుడూ కావలసినదానికంటే పెద్దది అడగాలి. ఎదుటివాడు దిగిరాకపోతే చెయ్యి దులుపుకొని అంగడి మెట్లు దిగాలి. ఆ దిగడంలోనే ఉంది విద్యంతా. మరీ నిదానంగా దిగితే నాటకమని తెలిసిపోతుంది, మరీ వేగంగా దిగితే పిలుపు వినపడదు.

ఇంకొక మాట కూడా చెప్పేవాడు, అది చెప్పేటప్పుడు మాత్రం తూకం ఆపి నా మొహంలోకి చూసేవాడు. "ఎనక్కి పిలిస్తే పోవాల్సిందే రా. పిలిచినారంటే నీ మాటకు ఒప్పుకున్నట్టు. అప్పుడింక బేరం లేదు, నసుగుడు లేదు. పిలిపించుకొని పోనోడికి బజారులో మొహం ఉండదు."

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకక తిరుగుతున్న రోజుల్లో, ఉదయగిరి బస్టాండులో నేను దోసకాయల బుట్టవాడితో ఆడుతున్న బేరాన్ని ఒక పెద్దాయన నిలబడి చివరిదాకా విన్నాడు. రిటైరైన సైన్సు మాస్టారు. ఆ కొండల అడవి కోసం ఒక చిన్న సంఘం పెట్టుకొని ఉన్నాడు. ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి కావాలని వెతుకుతున్నాడు. "దోసకాయలు కొన్నావా చివరికి?" అని అడిగాడు. "లేదు సార్, నాకు దోసకాయలు అక్కర్లేదు," అన్నాను. ఆయన నవ్వి నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఎనభైల మొదట్లో మాట ఇది.

సంఘం అంటే పెద్దగా ఊహించుకోకండి. మాస్టారు, నేను, దుర్గం కింద వీధిలో కొయ్య చెంచాలు చెక్కే సాయిబు, కొండ అంచున ఉన్న పల్లెనుంచి ఒక అవ్వ. మీటింగుకు ఇంకెవరైనా వస్తే దారి తప్పి వచ్చారేమోనని అడిగేవాళ్ళం.

సాయిబు తన అరుగు మీద కూర్చుని నర్ది కర్రలోనుంచి ఎంత సన్నటి ఫోర్కు ముళ్ళు తీసేవాడంటే, వాటితో తినడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. బీడీ వదలడు. మాట చివర ఒక దగ్గు, రెండు మెట్లెక్కి జారిపడ్డట్టుండే దగ్గు, తప్పనిసరిగా వచ్చేది. నన్ను శెట్టీ అని పిలిచేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. బొగ్గు కోసం అడవిని చెట్టూ చేమా చూడకుండా నరికేస్తే తన చేతికి కర్ర దొరకదని అతను సంఘంలోకి వచ్చాడు. అవ్వ వచ్చింది నీళ్ళ కోసం. వాళ్ళ పల్లెలో బావి ఉంది కానీ ఎండాకాలం అది బావి అనిపించుకోదు. పిలుపుకోనలో, బండ సందులోనుంచి కారే ఊట ఒక్కటే ఆ పల్లెకు దిక్కు. ఆడవాళ్ళు బిందెలతో కోన ఎక్కి దిగేవాళ్ళు.

పిలుపుకోన అంటే రెండు వాలుల మధ్య ఇరుకు లోయ. పడమటి వాలు కింద ఊట. తూర్పు వాలు మీద నర్ది, బిక్కి చెట్లు. కోన మొగదల ఒక పద్ధతి ఉండేది. కట్టెకు పోయేవాళ్ళు, మేకలు తోలేవాళ్ళు, నీళ్ళకు పోయేవాళ్ళు, ఎవరైనా సరే లోపలికి అడుగుపెట్టే ముందు నిలబడి "వస్తన్నాం" అని కేక వేస్తారు. ఎదుటి బండ ఆ మాట తిరిగి అనేదాకా ఆగుతారు. అన్నాకే లోపలికి పోతారు. పలకని రోజు గొడ్డలి పట్టినవాడు గొడ్డలితో, బిందె పట్టింది బిందెతో వెనక్కి తిరుగుతారు.

"ప్రతిధ్వని," అన్నాడు మాస్టారు. "గాలి, వేడి, ఆకుల గుబురు. కొన్నిరోజులు వినపడుతుంది, కొన్నిరోజులు వినపడదు."

"అది మీకు సార్," అన్నాడు సాయిబు. "మాకు మాత్రం ఇల్లుగలామెను అడగడం."

నేనేమన్నానంటే, పేపర్లో రాయించడానికి బాగుంటుందన్నాను. నా బుద్ధి అంతవరకే.

ఆ సంవత్సరం పిలుపుకోనను కూపులో వేశారు. కూపు అంటే నరకడానికి హద్దులు గీసి వేలం వేసే అడవి ముక్క. కొట్టిన కర్రంతా అక్కడే బట్టీల్లో కాలి, బొగ్గయి, లారీల్లో కలిగిరి మీదుగా కావలి రైలుకు పోతుంది. ఫారెస్టు గార్డు వెళ్ళి చెట్లకు గుర్తులు వేసి వచ్చాడు. బెరడు చెక్కి, ఇనుప సుత్తితో ముద్ర కొట్టి, తారు బొట్టు పెట్టడం. మామూలుగా ఊరంతా వినేలా మాట్లాడే మనిషి, కోననుంచి వచ్చినరోజు టీ అంగట్లో నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు.

"ఆ కోనలో సద్దు ముందొస్తన్నాదయ్యా."

"ముందంటే?"

"నేను సుత్తి ఎత్తుతాను. ఇంకా కొట్టలేదు. టక్కుమంటాది. ఆ తర్వాత నేను కొడతాను." చేతిలో టీ గ్లాసు తిప్పాడు. "కేక వెయ్యకుండా పోయినాలే. గవర్మెంటు పని గదా, ఎవర్ని అడగాల?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. వేలానికి ముందు స్థానిక సంస్థల అభిప్రాయం వినవచ్చునని. మాస్టారు దాన్ని పండగలా చూశాడు. "మనల్ని లోపలికి పిలుస్తున్నారు రా. ఇన్నేళ్ళూ గేటు బయటినుంచి అరిచాం," అన్నాడు. పిలిచింది ఎవరూ లేరు. తలుపు ఓరగా ఉంది, అంతే. తోసుకుపోవడం నా పని. నెల్లూరు అటవీశాఖ ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడి నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక పూటంతా సమయం అడిగాను. ఆయన విసుక్కున్నాడు, లెక్కలేనన్నిసార్లు రేపు రమ్మన్నాడు, చివరికి ఉదయగిరి బంగళాలో పెద్ద అధికారి విచారణకు వచ్చినప్పుడు మా సంఘానికి ఒక కుర్చీ వేయిస్తానన్నాడు. నాలుగు అడిగితే ఒకటి వచ్చింది. నాయన విద్య ప్రభుత్వంలో కూడా చెల్లుతుందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. నా కొంప ముంచింది ఆ కుర్చీయే.

విచారణ ముందురోజు మావాళ్ళను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "ఊట మాట ఎవరూ ఎత్తొద్దు. కోన పేరు కూడా ఎత్తొద్దు. మనకు కావలసింది కోన అని తెలిసిందా, దాన్ని పట్టుకొని కూర్చుంటారు. కొండంతా వదలమని అడుగుదాం. కుదరదంటారు. సగం అంటాం. కుదరదంటారు. దిగి దిగి కోన దగ్గర ఆగుదాం. వాళ్ళు గెలిచినట్టు ఉంటుంది, మనకు పని అవుతుంది."

మాస్టారు సందేహంగా చూశాడు. అవ్వ మాత్రం, "నీళ్ళ కోసం పోతా నీళ్ళ మాట ఎత్తకుంటే ఎట్ట అబ్బయ్యా?" అంది.

"నువ్వు గమ్మున కూర్చో అవ్వా. మొహం కూడా దీనంగా పెట్టొద్దు."

"నా మొహమే అంత. ఇప్పుడు యాడ మార్చుకునేది?"

బంగళా చాలాకాలం తెరవని గదుల వాసనతో ఉంది. పైకప్పులో గబ్బిలాలు. అధికారి మా జిల్లావాడు కాదు. సన్నగా, మాట పొదుపుగా, ఇస్త్రీ చెదరకుండా కూర్చుని ఉన్నాడు. విరిగిన చేతి కుర్చీలో నేను కూర్చున్నాను. మాస్టారు, సాయిబు గోడకు ఆనుకొని నిలబడ్డారు. అవ్వ గడప పక్కన చతికిలబడి, నేను చెప్పినట్టే, ఏ అవసరమూ లేని మొహం కోసం తంటాలు పడుతోంది.

"మీ అభ్యంతరం చెప్పండి."

"దుర్గం మొదలు ఈ కొండల వరసంతా కూపునుంచి వదిలెయ్యాలి సార్."

ఆయన రాసుకున్నాడు. "అది కుదరదు. ఇంకేమైనా ఉందా?"

ఇక్కడ ఆయన ఒక మాట తగ్గాలి. తగ్గలేదు. నేను ఎదురుచూశాను. ఆయనా ఎదురుచూశాడు. ఇంకేమైనా ఉందా అన్నది నిజంగానే అడిగాడని, దానికి జవాబు చెప్పాలని నా బజారు బుద్ధికి తట్టలేదు.

"కొండంతా కావాలి సార్. అంతకు తక్కువైతే మాకు మాటలే లేవు," అని లేచాను. కండువా దులుపుకొన్నాను. వరండా దాటి, సరైన వేగంతో, బంగళా మెట్లు దిగాను. చివరి మెట్టు మీద చెప్పు సరిచేసుకునే నెపంతో ఆగాను.

ఎవరూ పిలవలేదు.

లోపలినుంచి ఫైలు మూసిన చప్పుడు, ఆ తర్వాత "టీ ఉందా?" అన్న మాట వినపడ్డాయి.

నా వెనకే బయటికి వచ్చిన సాయిబు బీడీ ముట్టించుకొని నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "శెట్టీ, ఇది అంగడి కాదు. నువ్వు కొన్నా కొనకున్నా ఆయప్పకు జీతం వస్తాది." దగ్గు.

మాస్టారు నా వైపు చూడకుండా మెట్లు దిగి పోయాడు. ఆ చూడకపోవడం ఇప్పటికీ నొప్పిగా ఉంటుంది. అవ్వ నా చెయ్యి పట్టుకొని, "ఏం అబ్బయ్యా, పిలవలేదా?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నేను పిలిపించుకొని వస్తానని ఆమె నమ్మి కూర్చుంది.

సంతకం అయితే వేలం, వేలం అయితే గొడ్డళ్ళు. సంతకానికి ముందు ఆయన కూపు హద్దులు స్వయంగా నడిచి చూస్తాడని జీపు డ్రైవరు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే సాయిబుతో కలిసి బంగళా ముందు నిలబడ్డాను. నన్ను చూసి ఆయన, "విచారణ నిన్న అయిపోయింది," అన్నాడు.

"మేమూ వస్తాం సార్, ఊరికే."

"నడవడానికి నా అనుమతి అక్కర్లేదు," అని జీపెక్కాడు.

పల్లె దగ్గర అవ్వ మా కోసం కాచుకొని ఉంది. ఆమెకు కోన ఎక్కే ఓపిక పోయి చాలాకాలమైంది. "దిగేటప్పుడు ఊట నీళ్ళు ఒక పుక్కిలి నోట్లో పట్టుకోని రా నాయనా. మింగొద్దు. దప్పి తెలవదు," అని చెప్పింది. కొండమీద పనిచేసేవాళ్ళందరూ చేసేదే అది.

హద్దు రాళ్ళు చూసుకుంటూ కోన మొగదలకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. దారిపొడుగునా చెవులు గింగిర్లెత్తించిన కీచురాళ్ళు అక్కడ లేవు. ఎప్పుడు ఆగాయో మేము గమనించలేదు. పిట్ట లేదు. గాలి లేదు. రెండు వాలుల మీదా చెట్లు నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి ఛాతీ ఎత్తున బెరడు లేచిపోయి, దాని మీద నల్లటి బొట్టు. అన్ని బొట్లూ మా వైపే ఉన్నాయి. గార్డు దారివైపే గుర్తులు వేసి ఉంటాడు, మరి అంతే గదా. కానీ అన్ని చెట్లూ మేము వస్తామని తెలిసి ఇటు తిరిగి నిలుచున్నట్టు అనిపించింది.

సాయిబు ముందుకు వచ్చి, బీడీ ఆర్పి, నోటికి చేతులు అడ్డం పెట్టుకొని కేక వేశాడు.

"వస్తన్నాఆఆం..." చివర దగ్గు.

మేము ఆగాం. ఎదుటి బండ అక్కడే ఉంది. ఏమీ అనలేదు. ఆ కేక ఎటు పోయిందో పోయింది, బావిలో వేసిన రాయి నీళ్ళను తాకకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఎందుకు ఆగారు?" అన్నాడు అధికారి.

"పలకలేదు సార్. ఈ పొద్దు పోకూడదు," అని సాయిబు అక్కడే రాతి మీద కూర్చున్నాడు. "శెట్టీ, నువ్వయినా ఒక కేక వెయ్యి."

"అధికారి ముందు అరుపులేంది భాయ్," అన్నాను మెల్లగా. అప్పటికే బంగళాలో పోయిన పరువు చాలుననుకున్నాను. కేక వెయ్యకుండా ఆయన వెనక లోపలికి నడిచాను.

కోనలో మా అడుగుల చప్పుడు మాకే సరిగా వినపడలేదు. ఎండుటాకుల మీద నడుస్తున్నాం, అయినా దుప్పటి మీద నడుస్తున్నట్టుంది. ఆయన మధ్యమధ్య ఆగి చెట్ల ముద్రలు చూస్తున్నాడు. ఒకచోట వెనక్కి చూసి, "మీ సాయిబు వస్తున్నాడా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి మన వెనక ఎవరు?" ఎవరూ లేరు. ఆయన అక్కడినుంచి నన్ను తన ముందు నడవమన్నాడు.

ఊట దగ్గరికి వచ్చాం. బండ సందులోనుంచి వేలు మందాన నీళ్ళు కారి, రాతి తొట్టిలో నిండుతున్నాయి. దాని చుట్టూ బిందెల అడుగులు అరగదీసిన గుంటలు. పైన నీడ ఇస్తున్న చెట్లన్నిటికీ తారు బొట్లు.

అధికారి వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాడు. ఆయన మొహం మొదటిసారి మారింది. "ఇది ఎవరు వాడతారు?"

"కింద పల్లెంతా సార్. ఎండాకాలం వాళ్ళకు ఇదే."

"ఈ నీడ పోతే ఇది నిలవదు. నిన్న ఈ సంగతి ఎవరూ చెప్పలేదే?"

"నేనే చెప్పొద్దన్నాను సార్."

"ఎందుకు?"

"మా అవసరం తెలిస్తే మీరు రేటు పెంచుతారని."

నవ్వుతాడేమో అనుకున్నాను. "నిన్న మీరు మెట్ల మీద ఆగడం కిటికీలోనుంచి చూశాను," అన్నాడు. "ఎందుకాగారో నాకు అర్థం కాలేదు. చెప్పు తెగిందేమో అనుకున్నాను." చెయ్యి తుడుచుకొని లేచాడు. "ఫైల్లో మీ అభ్యంతరం కొండంతా అని ఉంది. దాన్ని తోసేశాను. ఇంకొకటి లేదు. పెట్టని అభ్యంతరాన్ని నేనెలా ఒప్పుకునేది?"

ఆయన మాటలో తప్పు లేదు. అవ్వ చెప్పినట్టు ఒక పుక్కిలి నీళ్ళు నోట్లో నింపుకొన్నాను. ఆయన ముందు, నేను వెనక, దిగడం మొదలుపెట్టాం. అది నేను నా జీవితంలో నాటకం లేకుండా దిగిన ఒకే ఒక దిగుడు. పిలుస్తారన్న ఆశ లేదు.

అప్పుడు వెనకనుంచి, ఊట దగ్గరనుంచి, కేక వినపడింది.

"వస్తన్నాం."

స్పష్టంగా, దగ్గరగా. ఆత్మకూరు బజారు యాస, మాటను చివర కాస్త సాగదీసి పట్టుకునే అలవాటు. ఆ గొంతు నాది.

అధికారి గిర్రున తిరిగాడు. "ఎందుకు అరుస్తారు?" అని కసిరాడు. తర్వాత నా మొహం చూశాడు. రెండు బుగ్గలూ నీళ్ళతో ఉబ్బి ఉన్నాయి. నేను మూతి చూపించాను. ఆయన మొహంలో రంగు మెల్లగా దిగిపోవడం నేను చూశాను. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. చెట్ల మీద బొట్లు మా వైపే ఉన్నాయి.

భయం వేసింది. కాళ్ళు కిందికి పరిగెత్తమంటున్నాయి. కానీ ఆ భయానికంటే ముందు, చిన్నప్పుడు తక్కెడ ఆపి నా మొహంలోకి చూసిన నాయన గుర్తుకు వచ్చాడు. వెనక్కి పిలిచారు. పోవాలి. ఎవరు పిలిచారన్నది ఆ నియమంలో లేదు.

నోట్లో నీళ్ళు మింగేసి వెనక్కి ఎక్కాను. ఊట దగ్గర ఎవరూ లేరు. తొట్టిలో నీళ్ళు మాత్రం ఇప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు ఊగుతున్నాయి. దాని పక్కన కూర్చున్నాను. కాసేపటికి అధికారి కూడా వచ్చాడు. ఒంటరిగా దిగడం ఇష్టం లేక వచ్చాడో, నన్ను వదిలి వెళ్ళలేక వచ్చాడో.

"ఏం చేస్తున్నారు?"

"పిలిచినారు సార్. మా అంగళ్ళలో పిలిస్తే తిరిగి రావాలి. వస్తే ఇంక బేరం ఆడకూడదు. నిజం రేటే చెప్పాలి."

"ఏమిటి మీ నిజం రేటు?"

"ఈ ఊట. దీని మీద ఉన్న ఈ పడమటి వాలు. అంతే సార్. కొండంతా మాకు అక్కర్లేదు."

ఆయన ఎదుటి వాలు వైపు చూశాడు. "అభ్యంతరం కింద నేను ఏమీ చెయ్యలేను. కానీ తనిఖీలో నేను చూసింది రాయవచ్చు. ఊట చూశాను, రాస్తాను. పడమటి వాలు తీసేస్తాను. తూర్పు వాలు మాత్రం కూపులో ఉంటుంది. రెండూ తీస్తే కూపే మిగలదు, పైన నా మాట నిలవదు. ఒప్పుకుంటారా?"

తూర్పు వాలు మీద సాయిబు నర్ది చెట్లు ఉన్నాయి. కింద, కోన మొగదల, అతను కూర్చుని ఉన్నాడు. అడిగి వస్తానని చెప్పవచ్చు. ఇంకో మెట్టు దిగి చూడవచ్చు. మరో రోజైతే ఆ వాలులో సగమైనా గుంజేవాణ్ణి. కానీ నేను పిలిపించుకొని వచ్చినవాణ్ణి.

"ఒప్పుకున్నాను సార్."

దిగేటప్పుడు ఆయన ఒక్కసారే మాట్లాడాడు. "చూసింది రాస్తాను. విన్నది రాయను. మీరూ ఎక్కడా చెప్పొద్దు." సాయిబుకు, అవ్వకు తప్ప, ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిలబెట్టాను.

సాయిబు జరిగిందంతా విన్నాడు. ముందు చెట్ల సంగతే అడిగాడు.

"నా కర్ర ఇచ్చి ఆమె నీళ్ళు కొన్నావు. నన్ను అడిగినావా?"

"అడిగే వీలు లేదు భాయ్. పిలిచినారు."

"నీ గొంతుతోనా?"

"నా గొంతుతోనే. నోట్లో నీళ్ళు ఉండాయి."

అతను వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. కోన వైపు చూస్తూ కొత్త బీడీ తీసి, ముట్టించకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "నువ్వు కేక వెయ్యకుండా పోయినావు గదా. నీ కేక అదే వేసుకుంది," అన్నాడు. తర్వాత చాలాసేపటికి, "నేను వేసిన కేకకు మాత్రం ఇంకా పలకలేదు," అన్నాడు.

అవ్వకు ఊట దక్కిందని చెబితే, ఆమె నా గడ్డం పట్టుకొని, "పిలిచినారా అయితే?" అంది. పిలిచినారన్నాను. ఎవరని ఆమె అడగలేదు.

పడమటి వాలు నిలిచింది. మా సంఘం మాట వల్ల ప్రభుత్వం గీసిన హద్దు మారడం ఆ తాలూకాలో అదే మొదలని మాస్టారు చనిపోయేదాకా చెప్పుకున్నాడు. నిజమే. ఆ తర్వాత మాకు కుర్చీలు పెరిగాయి. సామాజిక అడవుల కమిటీల్లో, ఆత్మకూరులోనూ నెల్లూరులోనూ, చేతులు విరగని కుర్చీల్లోనే కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నా మొదటి మాటగానే కావలసింది చెప్పేశాను. అధికారులు నన్ను అమాయకుడనుకునేవారు. బజారులో పుట్టినవాడికి అంతకంటే అవమానం లేదు, అయినా పనులు జరిగేవి. పిల్లలూ, మీరు నన్ను అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే. దప్పి ఉన్నవాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టండి, అతన్ని మాట్లాడనివ్వండి. నాలాంటివాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టండి.

తూర్పు వాలు బోడి అయ్యింది. సాయిబు కర్ర కోసం దూరపు కొండలకు మనుషులను పంపేవాడు. నాతో మాట మానలేదు, శెట్టీ అనడమూ మానలేదు. పిలుపుకోనకు మాత్రం మళ్ళీ పోలేదు. నరికిన తర్వాత ఆ కోన పలకడమే మానేసింది. చెట్లు పోయాక బండ ఇంకా బాగా పలకాలని మాస్టారు అన్నాడు. ఎందుకు పలకడం లేదంటే, "నాకు తెలియదు," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అప్పుడే. పల్లె ఆడవాళ్ళు మాత్రం మొగదల నిలబడి కేక వేస్తూనే ఉన్నారు. పలకకపోయినా కాసేపు ఆగి, తర్వాత లోపలికి పోయేవాళ్ళు.

పోయిన ఏడు సంఘం పిల్లలు కొందరు ఆ ఊట చూపించమంటే వెళ్ళాను. సాయిబు పోయి అప్పటికి చాలాకాలమైంది. అవ్వ ఎప్పుడో పోయింది. మొగదల పిల్లలు సరదాగా అరిచారు. బండ ఊరుకుంది. వాళ్ళు నీళ్ళు చూసి, తాగి, ఫొటోలు తీసుకొని వచ్చారు. నేను లోపలికి పోలేదు. వాళ్ళు వచ్చాక, నా జీవితంలో మొదటిసారి, నోటికి చేతులు అడ్డం పెట్టుకొని కేక వేశాను. ఆగాను. ఏమీ లేదు. మిట్టమధ్యాహ్నం. కీచురాళ్ళు లేవు.

జీపు వైపు తిరిగి నడిచాం. నాలుగడుగులు వేశామో లేదో, వెనకనుంచి, మెల్లగా, సాగదీసి వచ్చింది.

"వస్తన్నాఆఆం..."

ఆ చివర, రెండు మెట్లెక్కి జారిపడ్డట్టు.

నా పక్కన నడుస్తున్న అమ్మాయి ఆగి అటూ ఇటూ చూసింది. "ఎవరండీ దగ్గింది?" అంది.

నాయన నియమం ఎవరి గొంతుతో పిలిస్తే పోవాలో చెప్పదు, పోవాలని మాత్రమే చెబుతుంది. ఎన్నేళ్ళకో సాయిబు కేకకు జవాబు వచ్చింది, అది వినాల్సినవాడు లేడు, నేనున్నాను. పోతే నిజం రేటు చెప్పాలి. ఈసారి అడిగేది ఏమిటో, ఇవ్వవలసింది ఎవరి వాలో, నాకు తెలియదు.

"నాకేమీ వినపడలేదమ్మా," అన్నాను. చెవుడున్నవాడిలా తల వంచుకొని జీపు దాకా నడిచాను. పిలిపించుకొని కూడా పోకుండా వచ్చేసిన అంగడి నాకు అదొక్కటే.